ఆరు మిల్లీమీటర్ల సైనికుడికి కళ్ళు పెట్టాల్సిందే

వార్‌గేమింగ్‌లో, అంటే చిన్న సైనికుల బొమ్మలకి రంగులేసి టేబుల్ మీద యుద్ధాలు ఆడే మన హాబీలో, ఈ మధ్య ఒక అరాచకం మొదలైంది, ఇప్పుడే ఆపకపోతే రేపు ఎవడి తరమూ కాదు. 28 మిల్లీమీటర్ల ఎత్తు బొమ్మలకి ఏళ్ళ తరబడి కనుపాపలు దిద్దినవాళ్ళు, కోటు గుండీకి కూడా వెలుగు పడ్డట్టు హైలైట్ ఇచ్చినవాళ్ళు, వాటర్లూ యుద్ధం మొత్తం ఒక్క టేబుల్ మీద పట్టాలని 6 మిల్లీమీటర్లకి దిగిపోయి అక్కడ కళ్ళే పెట్టట్లేదు! మొహానికి ఒక చుక్క, అంతే. అడిగితే లెక్క చెప్తారు, ఇది సుమారు 1/300 స్కేల్ కదండీ, రెండడుగుల నుంచి చూస్తే అసలు మనిషిని 180 మీటర్ల నుంచి చూసినట్టు, అంత దూరంలో ఎవడి కళ్ళు కనిపిస్తాయి అని. మరి 28ది 1/56 దగ్గర ఉంటుంది, అదీ 34 మీటర్ల దూరమే కదా, అప్పుడు మాత్రం ఎలా కనిపించాయి అని నిలదీద్దామనుకుని ఆగిపోయా, ఆ లెక్క తేలితే మునిగేది మా పక్షమే.

రంగుల్లో చేసేది ఇంకా ఘోరం. నెపోలియన్ కాల్బలం కోటు ముదురు నీలం, అది చరిత్ర. చిన్న బొమ్మ మీద ఆ రంగు నల్లగా కొడుతుందని వీళ్ళు రెండు మెట్లు లేతగా పూస్తున్నారు. అడుగున తెల్ల ప్రైమర్ పూత, దాని మీద వెలుగున్న నీలం, షాకో అనే ఎత్తు టోపీకి నలుపు, ఛాతీ మీద అడ్డంగా పోయే క్రాస్‌బెల్ట్‌కి ఒక్క తెల్ల గీత, పైన పల్చగా రంగునీళ్ళ వాష్, అయిపోయింది. లేయర్ మీద లేయర్ వేసే ఆ తపస్సేదీ? పైగా ఇంగ్లండ్ షెఫీల్డ్‌లోని బ్యాకస్ అనే బొమ్మల కంపెనీ వాళ్ళు నలుగురేసి సైనికుల్ని ఒకే పట్టీగా పోత పోసి అమ్ముతుంటే, వీళ్ళు ఆ పట్టీల్ని ఐస్‌క్రీమ్ పుల్లల మీద వరసగా అంటించి ఒకే రంగుని ఈ చివర్నుంచి ఆ చివరికి లాగేస్తున్నారు. సైనికుడికి వ్యక్తిత్వం అక్కర్లేదా? గ్రెనేడియర్, అంటే మేటి దళం సైనికుడు, అని తెలియడానికి టోపీ మీద ఒక ఎర్ర చుక్క పెడతారు, చెప్పకూడదు గానీ అది టేబుల్ అవతలి నుంచి కూడా భలే కనిపిస్తుంది.

ఇక బేస్, అంటే బొమ్మల్ని అంటించే పీట. 60 బై 30 మిల్లీమీటర్ల ముక్క మీద 24 మందిని నిలబెట్టి, చుట్టూ బురద, గడ్డి వేసి, స్కేల్ కన్నా పెద్ద జెండా ఒకటి పాతేస్తే చూసేవాడి కన్ను అక్కడికే పోతుందట. పచ్చి మోసం.

వీటన్నిటినీ క్షమించొచ్చు, కానీ వీళ్ళు పూర్తి చేసేస్తున్నారు! రంగెయ్యని బొమ్మలు అటక మీద అట్టపెట్టెల్లో పేరుకుపోవడం మన హాబీకి పునాది. బెటాలియన్ ఒక్క సాయంత్రంలో తెమిలిపోతే ఆట వాయిదా వెయ్యడానికి సాకేదీ, నిజంగా ఆడాల్సొస్తుంది, రూల్స్ చదవాల్సొస్తుంది, ఓడిపోవాల్సొస్తుంది.

అందుకే మా డిమాండ్, 6కి వలస వచ్చే ప్రతివాడూ మొదటి బెటాలియన్‌కి అతి సన్నటి ట్రిపుల్ జీరో బ్రష్‌తో కనుపాపలు దిద్ది తీరాలి. బియ్యపు గింజ మీద పేర్లు రాసేవాళ్ళున్న దేశం మనది, వీళ్ళకేం రోగం? గుర్రాలకి కావాలంటే మినహాయింపు ఇస్తాం. నెపోలియన్ ఎక్కినదానికి మాత్రం ఇవ్వం.