మల్లయ్య ఉరఫ్ మల్లిగాడు

తెలుగు వ్యాకరణాన్ని నిష్ఠగా పాటించే ప్రభుత్వ కార్యాలయం నల్లగొండ జిల్లాలో ఒకటుంది. పేరు చెప్పను, అక్కడ నాకింకా పని ఉంది. ప్రత్యయం మారితే మనిషే మారిపోతాడన్నది వారి సిద్ధాంతం.

మా ఊరి పెద్దాయన, మల్లయ్య అనుకుందాం, వయసు 70 దాటింది. ఆధార్‌లో మల్లయ్య, పాత భూమి రికార్డు పహాణీలో మల్లిగాడు. పాసుబుక్కు కావాలంటే ఇద్దరూ ఒక్కరేనని అఫిడవిట్ తెమ్మన్నారు. తోడు వెళ్లాను.

"మల్లిగాడు ఎవరు?"

"నేనే సారూ."

"మరి మల్లయ్య?"

"నేనే."

గుమాస్తా ఆయన వెనక్కి తొంగి చూశాడు. నేను కనబడ్డాను. "నువ్వా మల్లిగాడివి?" సాక్షినని చెప్పుకొని బయటపడ్డాను.

"తండ్రి?"

"ఎల్లయ్య."

"ఇక్కడ ఎల్లిగాడని ఉంది. ఆయన్నీ సంతకం పెట్టమను."

"పోయి 40 ఏళ్లయింది సారూ."

"ఎవరు పోయింది? ఎల్లయ్య పోయినట్టు కాగితం తెస్తే ఎల్లిగాడు బతికున్నట్టే కదా!"

కాదనడానికి మాకు తర్కం దొరకలేదు.

గుట్టలకు ఈ తిప్పలు లేవు. 2015లో యాదగిరిగుట్ట యాదాద్రి అయింది. గుట్టను ఎవరూ అఫిడవిట్ అడగలేదు.

"గాడు అంటే ముద్దుపేరులే" అని నవ్వాడు గుమాస్తా. తల్లి పిలిస్తే ముద్దే. ఊరి భూమి లెక్కలు రాసే పట్వారీకి ఎందుకు పుట్టిందా ముద్దు? అదే పేజీలో పక్క సర్వే నంబరు దొరది. ఆయన పేరు గడిలో పట్టక పక్క గడిలోకి జరిగింది, ఆయన భూమి జరిగినట్టే. కోటలాంటి గడీలో ఉండేవారి పేరు గడిలో ఇముడుతుందా? ఆ పేరు చివర 'గాడు' రాయడానికి ఏ పట్వారీ కలమైనా కదిలిందా? వెట్టి చేయించుకున్న మనిషి పేరును కత్తిరించి, ఆ కత్తిరింపునే రికార్డు చేసి, ఇప్పుడు నువ్వెవరో నువ్వే రుజువు చేసుకో అంటారా? సిగ్గుండాలి!

పటేల్, పట్వారీల వ్యవస్థ 1984లో పోయింది. భూమి రికార్డులకు 2020లో ధరణి, 2025లో భూభారతి పోర్టళ్లు వచ్చాయి. దస్తూరీ పోయి కంప్యూటర్ అక్షరాలు వచ్చాయి, అంతే. మల్లిగాడు ఇప్పుడు మరింత స్పష్టంగా కనబడుతున్నాడు.

చివరికి నోటరీ దగ్గర రెండు పేర్లతోనూ సంతకం పెట్టమన్నారు. మల్లయ్య అని మెల్లగా, గుండ్రంగా రాశారాయన. కలం పక్కన పెట్టేశారు.

"రెండోది?"

"అది నేను రాసుకున్న పేరు కాదు. రాసినవాడిని పిలిపించి పెట్టించుకోండి."