అమ్మానాన్నల ప్రయాణం ఇంకా కోలుకోలేదు

కరోనా దెబ్బ నుంచి విమానయానం కోలుకుందంటున్నారు. నిజమే, 2024లో ప్రపంచవ్యాప్తంగా విమాన ప్రయాణాలు 2019 స్థాయిని దాటాయి. వేసవి సెలవులకి హైదరాబాద్ టికెట్లు కొనబోయిన వాళ్లకి ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. కానీ అమెరికాలో ఉన్న మన ఇళ్లలో విమానం అంటే ముందు గుర్తొచ్చేది విహారయాత్ర కాదు, కూతురి పురిటికి వచ్చే అమ్మ. ఆవిడ ప్రయాణం మాత్రం ఇంకా కుదుటపడలేదు.

2020 మార్చిలో ఆపేసిన అంతర్జాతీయ రెగ్యులర్ విమానాలను భారత ప్రభుత్వం 2022 మార్చి 27న గానీ మళ్లీ మొదలుపెట్టలేదు. అప్పటిదాకా ప్రభుత్వం నడిపిన వందే భారత్ ప్రత్యేక విమానాలు, దేశాల మధ్య ఒప్పందంతో నడిచిన ఎయిర్ బబుల్ విమానాలే దిక్కు. తీరా దారి తెరుచుకున్నాక వీసా దగ్గర ఆగిపోయాం. ఆ ఏడాది చివర్లో హైదరాబాద్‌లో విజిటర్ వీసా ఇంటర్వ్యూ కోసం రెండేళ్లకు పైగా ఎదురుచూడాల్సిన పరిస్థితి. ఈలోగా మనవలకి నడక వచ్చింది, మాటలు వచ్చాయి. తాతయ్య మాత్రం వీడియో కాల్‌లోనే ఉండిపోయాడు. 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడలో అమెరికా కాన్సులేట్ కొత్త భవనం తెరవడం మంచి పరిణామమే, కానీ వీసా వచ్చినంత మాత్రాన కష్టం తీరదు.

2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకి నేరుగా విమానం వేసింది. ఇన్ని లక్షల మంది తెలుగువాళ్లున్న దేశానికి ఆ సర్వీసు నిలబడకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. దోహాలోనో దుబాయ్‌లోనో దిగి మారడం తప్పడం లేదు. అందుకే మన వాట్సాప్ గ్రూపుల్లో రోజూ అదే మెసేజ్: "ఫలానా తేదీన డాలస్ వస్తున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? మా అమ్మ ఒక్కతే వస్తోంది." మోకాళ్లు బాగానే ఉన్న అమ్మలకి కూడా వీల్‌చెయిర్ పెట్టిస్తున్నాం. తోసే మనిషి సరైన గేటు దగ్గర దింపుతాడని ధైర్యం. దానివల్ల నిజంగా నడవలేని పెద్దవాళ్లు కుర్చీ కోసం గంటలు కాచుకోవాల్సి వస్తోంది. తప్పు ఆ తల్లులది కాదు. దారి అడుగుదామంటే తెలుగు తెలిసిన మనిషి ఒక్కరూ కనిపించని ఏర్పాటుది.

ఇక్కడి మన తెలుగు సంఘం మహాసభలకి మంత్రులొస్తారు, శాలువాలు కప్పి పంపిస్తాం. ఈసారి వాళ్ల ముందు రెండే మాటలు గట్టిగా పెడదాం: హైదరాబాద్ నుంచి అమెరికాకి నేరుగా విమానం, అది వచ్చేదాకా విమానం మారే చోట రద్దీ నెలల్లోనైనా తెలుగు మాట్లాడే సిబ్బంది. తోడు వెతికే పని మాత్రం ఎవరి కోసమూ ఆగక్కర్లేదు. సభ్యుల వివరాలు సరిచూసుకుని, ఒంటరిగా వచ్చే పెద్దలకి తోడు కలిపే బాధ్యత మన సంఘమే ఈ వేసవి నుంచి తీసుకోవచ్చు.