ప్రయాన్ పరీక్ష వచ్చింది, పర్లాకిమిడి నుంచి నమూనా వెళ్లేదెలా?

ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ వైపు మన తెలుగిళ్లల్లో అరవై దాటిన మనిషి నెల తిరక్కుండా ఇంట్లోవాళ్లనే గుర్తుపట్టలేకపోతే, ఉలిక్కిపడ్డట్టు చేతులు ఎగిరిపడుతుంటే, మొదట వచ్చే మాట ‘వయసు’. తర్వాతది ‘చిల్లంగి’. ఆపైన బరంపురమా, శ్రీకాకుళమా, విశాఖా అని తర్జనభర్జన. ఈలోగా రెండు నెలలు గడిచిపోతాయి. జబ్బు క్రూట్జ్‌ఫెల్ట్-జాకబ్ (ప్రయాన్ల వల్ల మెదడు వేగంగా దెబ్బతినే జబ్బు) అయితే, లక్షణాలు మొదలయ్యాక చాలామంది బతికేది నాలుగైదు నెలలే.

ఏడాదికి పది లక్షల మందిలో ఒకరిద్దరికి వచ్చే జబ్బు గురించి ఇంత టెన్షన్ ఎందుకంటారా? అచ్చం ఇలాగే కనిపించి, మందుకు లొంగే జబ్బులు కొన్ని ఉన్నాయి. ఆటోఇమ్యూన్ మెదడువాపు అలాంటిదే. సకాలంలో స్టెరాయిడ్లు పడితే మనిషి లేచి తిరగవచ్చు.

ప్రయాన్ అంటే వైరస్ కాదు, బ్యాక్టీరియా కాదు. మన మెదడులోని ప్రొటీనే మడత తప్పి, పక్కనున్న మంచి ప్రొటీన్‌ను కూడా తనలా మార్చేస్తుంది. ఈ పేరు పెట్టింది 1982లో స్టాన్లీ ప్రుసినర్. మొదట్లో చాలామంది నమ్మలేదు. 1997లో నోబెల్ వచ్చింది. పాలలో పడిన తోడు గిన్నెనంతా పెరుగు చేసినట్టే ఇదీ. కాకపోతే తోడులో ప్రాణమున్న సూక్ష్మజీవులుంటాయి, ఇందులో అదీ లేదు.

ఈ జబ్బును పట్టే ఆర్‌టీ-క్విక్ పరీక్ష కిటుకూ తోడుదే. ల్యాబ్‌లో తయారుచేసిన మంచి ప్రొటీన్‌లో రోగి వెన్నునీరు కొద్దిగా వేసి కుదుపుతారు. అందులో ప్రయాన్ ఉంటే ప్రొటీన్ గడ్డకట్టి, కలిపిన రంగు మెరుస్తుంది. జబ్బున్న వందమందిలో తొంభైకి పైగా పట్టేస్తుంది, లేనివాళ్లకు ఉందని చెప్పడం చాలా అరుదు. అంతకుముందు 14-3-3 ప్రొటీన్ పరీక్ష ఉండేది. మెదడు ఏ కారణంతో దెబ్బతిన్నా అది పెరిగేది, అందుకే దాన్ని పూర్తిగా నమ్మలేకపోయేవారు.

చికిత్స సంగతి చేదుగానే ఉంది. క్వినాక్రిన్ పనిచేయలేదు, డాక్సీసైక్లిన్ పనిచేయలేదు. లండన్‌లో ఆరుగురికి ఇచ్చిన పీఆర్‌ఎన్100 యాంటీబాడీ మెదడు దాకా చేరింది గానీ జబ్బును ఆపలేకపోయింది. ఇప్పుడు దారి మారింది. తోడును ఏరలేం, పాలే తగ్గిద్దాం అంటున్నారు. తల్లిని ఈ జబ్బుకు పోగొట్టుకుని, తనలోనూ ఆ జన్యులోపం ఉందని 2011లో తెలుసుకున్న సోనియా వల్లభ్ లాయరు వృత్తి వదిలేసి, భర్త ఎరిక్ మినికెల్‌తో కలిసి పరిశోధనలోకి దిగింది ఈ పనికే. ప్రొటీన్ తయారీనే తగ్గించే ఐఓఎన్717 మందును ఇప్పుడు మనుషుల్లో పరీక్షిస్తున్నారు. జన్యువులో ఒక్క అక్షరాన్ని సవరిస్తే ప్రయాన్ ఎక్కించిన ఎలుకల ఆయుష్షు 52 శాతం పెరిగిందని 2025లో వీళ్ల బృందమే ప్రచురించింది. చచ్చిన కణాలను ఏ మందూ లేపదు కాబట్టి, నా లెక్కలో ఇవన్నీ ముందుగా పట్టుబడిన వాళ్లకే పనికొస్తాయి.

మన దగ్గర చిక్కు సూది దగ్గరే మొదలవుతుంది. వెన్నులో నీరు తీస్తే నడుం పడిపోతుందని భయం. డాక్టరు ఒడియాలో చెబుతాడు, కాగితం ఇంగ్లిషులో ఉంటుంది, సంతకం పెట్టాల్సిన కొడుక్కి తెలుగే వచ్చు. చివరికి ‘ఇంటికి తీసుకుపోతాం’ అంటారు. పాతపట్నం పక్క ఊరే అయినా, గేటు దాటితే రాష్ట్రం మారుతుంది, ఆరోగ్య కార్డూ మారుతుంది.

బెంగళూరులోని మెదడు జబ్బుల పెద్దాసుపత్రి నిమ్హాన్స్ దాకా రోగి వెళ్లలేకపోయినా వెన్నునీరు వెళ్లగలదు. మెదడువాపు అనుమానంతో ఎలాగూ నీరు తీస్తున్నప్పుడు, రక్తం కలవని భాగాన్ని ఇంకో ట్యూబులో పట్టి ఫ్రీజర్‌లో దాచమని జిల్లా ఆసుపత్రులకు చెప్పడానికి కొత్త భవనం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.