అమ్మవలెనని నిశ్చయించడమైనది

బరంపురం పట్టణ వాసులకు, అందులోనూ గత పన్నెండేళ్లుగా సుత్తి దెబ్బలనే సుప్రభాతంగా విని సహించిన మా వీధి వారికి తెలియజేయునదేమనగా, 1968 నాటి నా మార్క్ 2 అంబాసిడరు కారును అమ్మివేయాలని నేను నిశ్చయించుకున్నాను. ఇది తొందరపాటు నిర్ణయం కాదు. గడచిన మూడేళ్లలో దీనిని ఏడు సార్లు తీసుకున్నాను, ప్రతిసారీ అంతకు ముందుకన్నా గట్టిగా తీసుకున్నాను. కనుక నా దృఢచిత్తాన్ని ఎవరూ శంకించనక్కరలేదు.

కారణం అడిగేవారికి నా జవాబు ఒకటే. కారు బాగైపోయింది.

ఈ మాటలోని విషాదం కారు బాగుచేయించుకోని వారికి అర్థం కాదు కాబట్టి మొదటి నుంచీ చెప్పవలసి ఉంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా పెరటి రేకుల షెడ్డు గాలికి లేచిపోయింది. తెల్లవారి చూస్తే, విరిగిన మంచాల కింద, బియ్యం డబ్బాల వెనుక ఇరవై ఏళ్లుగా మేము మరచిపోయిన మా నాన్నగారి కారు ఆకాశం చూస్తూ నిలబడి ఉంది. పట్టణంలో ప్రతి ఇంటి నుంచీ ఏదో ఒకటి పట్టుకుపోయిన తుఫాను నాకు మాత్రం ఒకటి ఇచ్చి పోయింది. దానిని నష్టం కింద రాయించాలా, లాభం కింద రాయించాలా అన్నది ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన నాకు కూడా ఈనాటికీ తేలలేదు.

పని మొదలుపెట్టిన ఏడు నెలలకు, అంటే 2014 మే నెలలో, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా కర్మాగారంలో అంబాసిడరు తయారీ ఆగిపోయింది. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌గా పుట్టి, మన దేశానికి వచ్చి పేరు మార్చుకుని, మంత్రులనూ పెళ్లికొడుకులనూ సమాన గౌరవంతో మోసిన బండికి పుట్టినిల్లు మూతపడిన ఆ రోజు నుంచి, దేశంలో అంబాసిడరును తయారుచేస్తున్నది మా పెరడొక్కటేనన్న బాధ్యత నా భుజాల మీద పడింది. ప్రభుత్వం ఈ సంగతిని గుర్తించలేదు. నేను కూడా గుర్తు చేయలేదు.

తయారీ అనే మాట ఊరికే అనడం లేదు. సముద్రం మాకు పదిహేను పదహారు కిలోమీటర్ల దూరంలో ఉన్నా, దాని ఉప్పుగాలికి మా పెరటి చిరునామా బాగా తెలుసు. కారు అడుగు రేకు మీద కాలు పెడితే చెప్పు నేలకు తగిలేది. అందుచేత అడుగు రేకు కొత్తగా కట్టించాము, డోర్ల కింది అంచులు కొత్తగా కట్టించాము, 1,489 సీసీ ఇంజను దించి బోరు చేయించాము, కమాను పట్టీలు మార్పించాము. కొన్ని సామాన్లు కలకత్తా మల్లిక్ బజారులో దొరికాయి, కొన్ని విజయవాడ ఆటోనగర్‌లో దొరికాయి. మన ఊరు హౌరా-మద్రాసు రైలు మార్గం మీద ఉండటం వల్ల రెండు దిక్కుల నుంచీ సరుకు తెచ్చుకోవడం సులువే గాని, వెనుక బంపరును కింది బెర్తు కింద పెట్టుకుని వచ్చిన రాత్రి ఎదుటి సీటులోని కుటుంబం అంతా కాళ్లు పైకి ముడుచుకుని ప్రయాణం చేసింది. ఈ విధంగా బెంగాలీ ఒళ్లూ, ఆంధ్రా ఎముకలూ, ఒడిశా నంబరు పలకా కలిగి, తిట్లు మాత్రం తెలుగులో తిన్న ఈ వాహనానికి మాతృభాష ఏదని ఎవరైనా అడిగితే నేను మౌనం వహిస్తాను. ఈ జిల్లాలో అది చాలా పాత తగాదా.

మా మేస్త్రిది సగం తెలుగు, సగం ఒడియా. పని ఎప్పటికవుతుందని అడిగినప్పుడల్లా ఆయన 'కాలి హెబొ, బాబూ' అనేవాడు. ఒడియాలో 'కాలి' అంటే రేపు అనీ అర్థమే, నిన్న అనీ అర్థమే. ఆయన ఏ అర్థంలో అన్నాడో తెలుసుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. తెలిసిన తరువాత ఇక అడగడం మానేశాను. ఆ నాలుగేళ్లూ, ఆ తరువాతి ఐదేళ్లూ నా ఆదివారాలకు ఒక అర్థం ఉండేది. ఉదయం స్టూలు వేసుకుని కూర్చుంటే, సాయంత్రానికి ఒక నట్టు ఊడేది, లేదా ఊడకపోయేది. ఊడకపోయిన ఆదివారాలే ఎక్కువ తృప్తినిచ్చేవని ఇప్పుడు అనిపిస్తున్నది.

అటువంటి కారు మూడేళ్ల కిందట, ఏ హెచ్చరికా లేకుండా, తాళం తిప్పగానే మొదటిసారికే స్టార్టయింది. మరునాడు కూడా అయింది. గేరు పడింది, బ్రేకు పట్టింది, హారను మోగింది. నేను బానెట్టు ఎత్తి ఇంజను వైపు చూశాను. అందులో నాకు చేయడానికి ఏమీ మిగలలేదు. యజమాని అవసరం లేని వస్తువును ఇంట్లో ఉంచుకోవడం ఆత్మగౌరవానికి భంగం కనుక, అదే సాయంత్రం అమ్మకం నిర్ణయాన్ని మొదటిసారి ప్రకటించాను. "ఖర్చుల పుస్తకం కూడా కారుతో పాటే ఇచ్చేస్తారా ఏవండీ?" అని మా ఆవిడ అడిగింది. నేను ఐదో పేజీలో ఆపేసిన కూడికను ఆమె నలభై మూడో పేజీ దాకా నిరాటంకంగా కొనసాగించి, అడుగున ఎర్ర సిరాతో గీత గీసి ఉంచింది.

అమ్మకానికి శాస్త్రోక్తమైన అడ్డంకులు కూడా ఉన్నాయి. 2021లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం యాభై ఏళ్లు దాటిన కారును వింటేజి వాహనంగా ఇరవై వేల రూపాయలు కట్టి నమోదు చేయించుకోవచ్చు. అయితే అటువంటి కారును రోజువారీ పనులకు వాడరాదు. ప్రదర్శనకో, ర్యాలీకో, సాంకేతిక పరిశోధనకో, పెట్రోలు పోయించుకోవడానికో, మరమ్మతుకో మాత్రమే రోడ్డు మీదికి తీసుకురావచ్చు. ఇందులో చివరి రెండు పనులు తప్ప నా కారు పన్నెండేళ్లలో మరేమీ చేయలేదు గనుక, ఈ నియమం రాసినవారు మా పెరటిని స్వయంగా చూసి వెళ్లారేమోనని నా అనుమానం. ఇక కొనేవాడు గిరిసోల గేటు అవతల, ఆంధ్రాలో ఉన్నట్లయితే ఫారం 28 మీద అభ్యంతరం లేదన్న పత్రం కావాలి. ఆపైన 29, 30 ఫారాలు ఉండనే ఉన్నాయి. 1936 ఏప్రిల్ 1న గంజాం జిల్లాలో చాలా భాగం, మనుషులతో, చెరువులతో, ఆవకాయ జాడీలతో సహా, మద్రాసు రాజధానిని వదిలి ఒడిశాలోకి వచ్చినప్పుడు మా తాతగారి చేత ఏ ఫారమూ నింపించలేదు. పాతిక కిలోమీటర్లు తిరిగి వెనక్కి వెళ్లడానికి ఒక కారు ఇంత రాయవలసి రావడం విచారకరం.

కొనడానికి వచ్చినవారిలో మొదటాయన మైలేజీ ఎంతని అడిగాడు. ఆయనకు మంచినీళ్లు ఇచ్చి పంపించాము. రెండో ఆయన పెళ్లి ఊరేగింపులకు తిప్పుకుంటానని, పైకప్పు కోసి వధూవరులు నిలబడే వీలు కల్పిస్తానని చెప్పాడు. ఆయనకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

మూడో ఆయన ఇచ్ఛాపురం నుంచి వచ్చాడు. రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. వచ్చీ రాగానే తెల్లపంచె పైకి కట్టి, గోనె పరచుకుని, వెల్లకిలా కారు కిందికి దూరి కమాను పట్టీలను వేలితో తట్టి చూశాడు. బయటికి వచ్చి, "2000లో సీసం కలిపిన పెట్రోలు ఆపేసిన దగ్గర నుంచి ఈ పాత హెడ్లలో వాల్వు సీట్లు అరిగిపోతాయి కదా మాస్టారూ, మీరు గట్టి సీట్లు వేయించారా?" అని అడిగాడు. వేయించాను. ఆ సంగతి పన్నెండేళ్లలో ఒక్కరూ నన్ను అడగలేదు. ఇప్పటి పెట్రోలులో నూటికి ఇరవై పాళ్లు ఇథనాలు కలుస్తున్నది కాబట్టి రబ్బరు గొట్టాలూ, పంపులోని డయాఫ్రమూ మార్చారా అని కూడా అడిగాడు. మార్చాను. ఆయన బేరం ఆడలేదు. పదివేలు అడ్వాన్సు బల్ల మీద పెట్టి, మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగి, వచ్చే ఆదివారం మిగతా సొమ్ముతో వస్తానని వెళ్లిపోయాడు.

ఆ వారం నాకు నిద్ర పట్టలేదు. మైలేజీ అడిగినవాడికి అమ్మితే కారు పాడైపోతుంది. అది నేను ఓర్చుకోగలను, ఎందుకంటే పాడైన కారును మళ్లీ తెచ్చుకోవచ్చు. ఈయనకు అమ్మితే నాకన్నా బాగా చూసుకుంటాడు. అటువంటి ప్రమాదంలోకి ఏ యజమానీ తెలిసి తెలిసి దిగడు.

శనివారం సాయంత్రం, మనసు కుదుటపరచుకోవడానికి గోపాలపూర్ రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు నడిపి చూడగా, వెనుక యాక్సిల్‌లో ఒక మూలుగు వినిపించింది. మా ఆవిడకు వినిపించలేదు. మేస్త్రికి కూడా వినిపించలేదు గాని, పన్నెండేళ్ల సహవాసం వల్ల వినిపించినట్లు ఒప్పుకున్నాడు. మూలిగే వస్తువును మంచివాడికి అంటగట్టడం అధర్మమని, ఆదివారం వచ్చిన ఇచ్ఛాపురం పెద్దమనిషికి అడ్వాన్సు తిరిగి ఇచ్చి, వెంట రెండు కట్టల బరంపురం అప్పడాలు కూడా ఇచ్చాను. "అది నేనే చూసుకుంటాను మాస్టారూ, అలాగే ఇచ్చేయండి" అని ఆయన రెండుసార్లు అన్నాడు. నేను నిజాయితీకి కట్టుబడ్డాను.

అమ్మకం నిర్ణయం యథాతథంగా అమలులో ఉంది. యాక్సిల్ దించి, క్రౌను పినియను విప్పి, కిరసనాయిలు పళ్లెంలో పెట్టాము. ఎప్పటికవుతుందని అడిగితే 'కాలి హెబొ' అని మేస్త్రి చెప్పాడు. ఇచ్ఛాపురం పెద్దమనిషి ఆదివారం ఉదయం మొదటి బస్సుకే వచ్చేస్తున్నాడు. ఆయన కోసం రెండో స్టూలు కొనవలసి వచ్చింది. నూట ఎనభై రూపాయలు. ఎర్ర గీత కింద మా ఆవిడ ఆ అంకె వేసి, పుస్తకం మూసింది.