ఆ మెసేజ్ మళ్ళీ ఫార్వర్డ్ చేసేముందు బ్రిస్టల్ బస్సుల సంగతి వినండి

ఈ వారంలో నాలుగోసారి వచ్చింది ఆ మెసేజ్. మొదట మా ఇంజనీరింగ్ బ్యాచ్ గ్రూపులో. తర్వాత గుంటూరు నుంచి మా చిన్న మామయ్య. ఆ తర్వాత ఇక్కడ బ్రిటన్‌లో మా ఉగాది కమిటీ గ్రూపు. నిన్న రాత్రి మా తోడల్లుడు గారు. "బ్రిటన్‌లో నల్లవాళ్ళు మన ఇండియన్స్‌ని చూసి నేర్చుకోవాలి" అని మొదలవుతుంది, మూడు దణ్ణాల బొమ్మలతో ముగుస్తుంది. మొదటి మూడుసార్లూ చూసీ చూడనట్టు వదిలేశాను. నిన్న తోడల్లుడు గారు దాని కింద "నూటికి నూరుపాళ్ళు నిజం" అని కూడా రాశారు. ఆయన చదువుకున్న మనిషి, పదకొండేళ్ళుగా ఈ దేశంలోనే ఉంటున్నారు. ఇక ఊరుకోలేక కూర్చుని రాస్తున్నాను.

అందులో ఉన్నవి ఆరు మాటలు. కరీబియన్ వాళ్ళు పిలవని పేరంటానికి వచ్చారు. వాళ్ళూ ఆఫ్రికా వాళ్ళూ అంతా ఒకటే. వాళ్ళ పిల్లలు చదవరు. విండ్‌రష్ వ్యవహారంలో (ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ కరీబియన్ వాళ్ళని కాగితాల్లేవని ప్రభుత్వం వేధించిన గొడవ) తప్పు వాళ్ళదే, కాగితాలు దాచుకోలేదు. "బ్లాక్" అనే గుర్తింపు ఓట్ల కోసం పుట్టించింది. అన్నిటికంటే పెద్దది: మనం ఏనాడూ రోడ్డెక్కలేదు, తలవంచుకుని కష్టపడి పైకొచ్చాం, వాళ్ళు మాత్రం ఎప్పుడూ హక్కులంటూ గోల చేస్తారు.

అంతా ఒకటే అన్నవాళ్ళు క్రికెట్ చూడరా? రోహన్ కన్హాయ్, శివ్‌నారాయణ్ చందర్‌పాల్ ఏ టీముకి ఆడారు? వెస్టిండీస్‌కి. వాళ్ళ గయానాలో అన్ని జాతుల కంటే భారత మూలాల వాళ్ళే ఎక్కువ. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల్లో పనికి 1838 నుంచి ఓడల్లో తీసుకెళ్ళింది మనవాళ్ళనే. ఆ మాట ఇంతటితో వదిలేస్తాను.

పిలవని పేరంటమా? 1948 జూన్‌లో ఎంపైర్ విండ్‌రష్ ఓడ టిల్బరీ రేవుకి వచ్చినప్పుడు అందులోని జమైకా, ట్రినిడాడ్ వాళ్ళు బ్రిటిష్ ప్రజలే, ఈ దేశంలో అడుగుపెట్టే హక్కు ఉన్నవాళ్ళే. అక్కడితో ఆగలేదు. 1956 నుంచి లండన్ ట్రాన్స్‌పోర్ట్ బార్బడోస్‌కే వెళ్ళి బస్సులకీ రైళ్ళకీ మనుషుల్ని ఎంపిక చేసుకుంది. ఓడ ఖర్చు అప్పుగా ఇచ్చి, జీతంలో కోసుకుంది. మన ఊళ్ళ నుంచి గల్ఫ్‌కి వెళ్ళినవాళ్ళ ఇళ్ళలో అడగండి, అప్పు చేసి వెళ్ళి జీతంలోంచి తీర్చడం ఎలా ఉంటుందో చెప్తారు.

పిల్లలు చదవరన్నది మరీ అన్యాయమైన మాట. 1960ల్లో లండన్ స్కూళ్ళు కరీబియన్ పిల్లల్ని వాళ్ళ సంఖ్యకి మించి మందబుద్ధి పిల్లల బడులకి తోసేశాయి. ఇంట్లో మాట్లాడే యాసే వాళ్ళకి శత్రువైంది. ఈ సంగతి 1971లో బయటపెట్టింది గ్రెనడా నుంచి వచ్చిన టీచరు బెర్నార్డ్ కోర్డ్. తల్లిదండ్రులు ఏం చేశారు? చర్చి హాళ్ళలో, ఇళ్ళ ముందుగదుల్లో శనివారం బడులు పెట్టుకుని పిల్లలకి తామే చదువు చెప్పించుకున్నారు. ఇక ఇటీవలి జీసీఎస్ఈ (మన పదో తరగతి లాంటి పరీక్ష) ఫలితాలు చూస్తే బ్లాక్ ఆఫ్రికన్ పిల్లల సగటు తెల్ల బ్రిటిష్ పిల్లల సగటుని దాటింది. మెసేజ్ రాసినాయన ఒక్కసారి వెతికినా కనపడేది.

ఇప్పుడు అసలు మాటకి వస్తాను. మనం రోడ్డెక్కకుండానే పైకొచ్చామన్న మాట.

నేను ఉండేది బ్రిస్టల్‌లో. రోజూ బస్సులోనే ఆఫీసుకి వెళ్తాను. మా డ్రైవర్లలో పంజాబీ ఉన్నాడు, సోమాలీ ఉన్నాడు, మొన్నీమధ్య ఒక తెలుగు కుర్రాడు కూడా కనిపించాడు. 1963లో ఇదే ఊళ్ళో బస్సు కండక్టరు ఉద్యోగానికి నల్ల, గోధుమ రంగు మనుషులు పనికిరారు. వర్క్‌షాపుల్లో, క్యాంటీన్లలో తక్కువ జీతాలకి పెట్టుకునేవారు. బస్సెక్కించేవారు కాదు. అది అప్పుడు చట్టవిరుద్ధం కూడా కాదు. కార్మికుల పక్షాన నిలబడాల్సిన యూనియనే 1955లో ఆ మేరకు తీర్మానం చేసింది.

పాల్ స్టీఫెన్‌సన్ అనే యువజన అధికారి, ఆయన తండ్రి పశ్చిమ ఆఫ్రికా మనిషి, ఈ సంగతి తేల్చాలనుకున్నాడు. తనే బస్సు కంపెనీకి ఫోన్ చేశాడు. ఖాళీలున్నాయా అని అడిగాడు. ఉన్నాయన్నారు. గై బెయిలీ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి ఇంటర్వ్యూ ఖాయం చేయించాడు. మంచి కుర్రాడు, నైట్ స్కూల్లో చదువుకుంటున్నాడు. అతను వెస్టిండియన్ అని తెలిసిన క్షణంలో ఇంటర్వ్యూ రద్దయిపోయింది. ఫోన్లో ఉన్న ఖాళీ, రంగు తెలియగానే మాయమైంది.

దాంతో రాయ్ హాకెట్, ఓవెన్ హెన్రీ లాంటి జమైకా వాళ్ళు స్టీఫెన్‌సన్‌తో కలిసి ఏప్రిల్ చివర్లో బస్సుల్ని బహిష్కరించమని పిలుపునిచ్చారు. జనం పనులకి నడిచే వెళ్ళారు. యూనివర్సిటీ విద్యార్థులు ఊరేగింపు తీశారు. అప్పటికి ట్రినిడాడ్ హైకమిషనర్‌గా ఉన్న లియరీ కాన్‌స్టాంటైన్ వాళ్ళ పక్షాన మాట్లాడారు. ఆయన వెస్టిండీస్ పాత టెస్ట్ ఆటగాడు. 1943లో లండన్‌లో ఒక హోటలు ఆయన రంగు చూసి గది ఇవ్వనంటే కోర్టుకెక్కి గెలిచిన మనిషి. నాలుగు నెలలు పట్టింది. ఆగస్టు 28న కంపెనీ దిగొచ్చింది.

ఇక్కడ కాస్త ఆగి చదవండి. ఆ గెలుపు తర్వాత, సెప్టెంబర్ 17న, బ్రిస్టల్ బస్సెక్కిన మొట్టమొదటి తెల్లవాడు కాని కండక్టరు ఎవరు? గై బెయిలీ కాదు. జమైకా మనిషే కాదు. రఘ్‌బీర్ సింగ్ అనే సిక్కు. కొన్నాళ్ళకి ఇద్దరు జమైకా వాళ్ళు, ఇద్దరు పాకిస్తానీలు చేరారు. నడిచింది వాళ్ళు, రోడ్డు మీద మాటలు పడింది వాళ్ళు. మొదటి టికెట్ల సంచీ భుజాన వేసుకున్నది మనవాడు. ఈ ఊరి బస్ స్టేషన్లో ఆ పోరాటానికి గుర్తుగా ఒక ఫలకం ఉంది. దాని పక్కనుంచి రోజూ నడిచి వెళ్ళే నాకు "మనల్ని చూసి వాళ్ళు నేర్చుకోవాలి" అన్న మాట కనపడితే ఒళ్ళు మండదా?

ఆ తర్వాత 1965లో మొదటి జాతి సంబంధాల చట్టం వచ్చింది, బహిరంగ స్థలాల వరకే. 1968లో ఉద్యోగాలు, ఇళ్ళు చేరాయి. 1976లో ఇంకా గట్టిపడింది. ఇవన్నీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఎలా పనికొస్తాయో నా అనుభవమే చెప్తాను. నేను వచ్చిన కొత్తలో ఒక ఇంటి కోసం ఏజెంటుకి ఫోన్ చేస్తే ఖాళీగా ఉంది, రేపు వచ్చి చూసుకోండన్నాడు. వెళ్ళాను. నన్ను చూసి, ఇప్పుడే ఇచ్చేశామన్నాడు. మూడోరోజు కూడా ఆ ఇల్లు వెబ్‌సైట్లో అలాగే ఉంది. మనకెందుకులే అని ఇంకో ఇల్లు వెతుక్కుంటున్నాను. మా టీములో పనిచేసే, జమైకా తల్లిదండ్రులకి పుట్టిన ఒకావిడ ఈ మాట విని కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. తేదీలు రాయించింది, వెబ్‌సైట్ పేజీ ప్రింటు తీయించింది, ఏ చట్టం పేరు ఎక్కడ రాయాలో చెప్పింది. ఉత్తరం పంపిన వారంలోపే క్షమాపణతో జవాబొచ్చింది. తలవంచుకుని కష్టపడటం ఒక్కటే తెలిసిన నాకు ఆ ఉత్తరం రాయడం నేర్పింది ఎవరు?

పైగా మనవాళ్ళు రోడ్డెక్కలేదన్నది పచ్చి అబద్ధం. 1974లో లెస్టర్‌లో ఇంపీరియల్ టైప్‌రైటర్స్ సమ్మె చేసింది ఆసియా కార్మికులే. 1976లో లండన్ గ్రన్‌విక్ ఫొటో ల్యాబులో జయాబెన్ దేశాయ్ అనే గుజరాతీ గృహిణి పని వదిలేసి బయటికొచ్చి, చీరకట్టుతో ఎండావానల్లో రెండేళ్ళు గేటు ముందు నిలబడ్డారు. యార్క్‌షైర్ గని కార్మికులు ఆవిడ కోసం తరలివచ్చారు. వాళ్ళు ఓడిపోయారు. ఓడిపోయారు కాబట్టి లెక్కలోకి రారా?

ఈ మాట చివర మెసేజ్‌లో ఇంకో ముక్క ఉంది: "మన దగ్గర రిజర్వేషన్లు అడిగేవాళ్ళ లాగే" అని. ఇది బ్రిటన్ గురించి రాసింది కాదని అక్కడ అర్థమైంది. ఎవర్ని తిట్టాలనుకుని ఎవర్ని అడ్డం పెట్టుకున్నారో తెలిసిపోతూనే ఉంది. ఇక్కడి సమానత్వ చట్టంలో కులాన్ని చేర్చాలని 2013లో పార్లమెంటు నిర్ణయిస్తే, వద్దని పట్టుబట్టింది మన హిందూ సంఘాల్లో కొన్ని. 2018లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. రంగు చూసి ఇల్లు ఇవ్వకపోతే చట్టం కావాలి, కులం అడిగి ఇల్లు ఇవ్వకపోతే చట్టం వద్దా? ఈ ప్రశ్న గ్రూపులో అడిగాను. ఎవరూ జవాబివ్వలేదు.

"బ్లాక్" గుర్తింపు ఓట్ల కోసం పుట్టిందన్న మాట తీసుకుందాం. 1958లో లండన్ నాటింగ్ హిల్‌లో తెల్ల గుంపులు కరీబియన్ ఇళ్ళ మీద పడ్డాయి. అప్పటికి వాళ్ళకి ఒక్క ఎంపీ లేడు. ట్రినిడాడ్‌లో పుట్టిన క్లాడియా జోన్స్ ఆ ఏడాదే ఒక పత్రిక పెట్టారు, మరుసటి జనవరిలో సెయింట్ పాన్‌క్రస్ టౌన్ హాల్లో కార్నివాల్ జరిపించారు. ఆ పత్రిక పూర్తి పేరులో "ఆఫ్రో-ఏషియన్" అన్న మాట కూడా ఉండేది. అంటే మనల్నీ కలుపుకునే పెట్టుకున్నారు. 1979లో లండన్ సౌతాల్‌లో మన ఆడవాళ్ళూ కరీబియన్ ఆడవాళ్ళూ కలిసి పెట్టుకున్న సంస్థ పేరు సౌతాల్ బ్లాక్ సిస్టర్స్. రంగు లెక్కన పెట్టుకున్న పేరు కాదది, ఒకే దెబ్బ తిన్నవాళ్ళు కలిసి నిలబడేందుకు పెట్టుకున్న పేరు. 1987లో డయాన్ అబాట్, బెర్నీ గ్రాంట్, పాల్ బోటెంగ్ అనే ముగ్గురు నల్లవాళ్ళతో పాటు పార్లమెంటుకి గెలిచిన నాలుగో మనిషి, గోవా మూలాలున్న కీత్ వాజ్, ఆ ఉద్యమం నీడలోనే వచ్చారు.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. ఆ ఉమ్మడి పేరు నిలబడలేదు. మన వాళ్ళలో చాలామందికి అది ఎప్పుడూ ఇష్టం లేదు. 1991 జనాభా లెక్కల నాటికి బ్లాక్ కరీబియన్, బ్లాక్ ఆఫ్రికన్, ఇండియన్, పాకిస్తానీ అని వేరువేరు గళ్ళు వచ్చాయి. 2021 లెక్కల ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆఫ్రికన్లు దాదాపు 15 లక్షలు, కరీబియన్లు 6 లక్షల పైచిలుకు. వాళ్ళ చరిత్రలు వేరు, ఓట్లూ ఒకే పెట్టెలో పడవు. నైజీరియా మూలాలున్న కెమీ బేడనాక్ 2024లో కన్జర్వేటివ్ పార్టీ నాయకురాలయ్యారు. ఇంకోటి చెప్పాలంటే గొంతుకి అడ్డుపడుతుంది: 1985లో బర్మింగ్‌హామ్ హ్యాండ్స్‌వర్త్ అల్లర్లలో పోస్టాఫీసు తగలబడి అందులో ఇద్దరు ఆసియా అన్నదమ్ములు చనిపోయారు. మన షాపుల మీద దాడులు జరగలేదని నేను అనను. ఆ రెండు ప్రాణాల బాధ నిజం. ఆ బాధని పట్టుకుని మొత్తం జాతికి బుద్ధులు చెప్పడం మాత్రం ఒప్పుకోను.

మిగిలింది కాగితాల మాట. 1973 జనవరి 1కి ముందు వచ్చి స్థిరపడ్డ కామన్వెల్త్ మనుషులకి ఇక్కడే ఉండే హక్కుని 1971 వలస చట్టం ఇచ్చింది. హక్కు ఇచ్చింది గానీ కాగితం ఇవ్వలేదు. ఎవరెవరికి ఇచ్చిందో లిస్టు కూడా హోం ఆఫీసు (ఇక్కడి హోం శాఖ) పెట్టుకోలేదు. అమ్మానాన్నల పాస్‌పోర్టు మీద వచ్చిన పిల్లలకి ఆ ఒక్క పాస్‌పోర్టే ఆధారం. ఓడ దిగినప్పుడు నింపిన కార్డులుండేవి, వాటినీ 2010లో ధ్వంసం చేశారు. ఆ తర్వాత 2014, 2016 వలస చట్టాలతో ఇంటి ఓనరూ, బ్యాంకూ, ఉద్యోగమిచ్చేవాడూ కాగితం చూపించమనడం మొదలుపెట్టారు. కాగితం చింపినవాళ్ళే కాగితం అడిగారు. నలభై, యాభై ఏళ్ళు పన్ను కట్టినవాళ్ళు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, వైద్యం దొరక్క అల్లాడారు. కనీసం 83 మందిని అన్యాయంగా దేశం దాటించారు. 2018 ఏప్రిల్‌లో హోం సెక్రటరీ ఆంబర్ రడ్ రాజీనామా చేశారు. నష్టపరిహారం పథకం వచ్చాక కూడా డబ్బు చేతికందకుండానే పోయినవాళ్ళు ఉన్నారు. 1973కి ముందు ఇండియా నుంచి వచ్చినవాళ్ళకీ ఆ పథకం వర్తిస్తుంది, ఎందుకంటే దెబ్బ వాళ్ళకీ తగిలింది.

తోడల్లుడు గారికి ఇది నేను వేరే చెప్పక్కర్లేదు. ఆయన ఐఎల్ఆర్‌కి (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి) అప్లై చేసినప్పుడు ఐదేళ్ళలో దేశం దాటిన ప్రతి తేదీ రాయాల్సి వచ్చింది. ఒక్క ట్రిప్పు తేదీ దొరకలేదు. రెండు రాత్రులు వాళ్ళింట్లో సూట్‌కేసులు, పాత కోటు జేబులు, పిల్లల స్కూలు బ్యాగులు కూడా దులిపాం. ఆయన నిద్రపోలేదు, ఆ టెన్షన్‌లో మా వదిన వంట కూడా చెయ్యలేదు. చివరికి బోర్డింగ్ పాసు ఒక భక్తి పుస్తకంలో పేజీ గుర్తుగా పెట్టి ఉంది. అది ఐదేళ్ళ లెక్క. విండ్‌రష్ వాళ్ళని హోం ఆఫీసు అడిగింది ఇక్కడున్న ప్రతి ఏడాదికీ ఒక కాగితం, పదేళ్ళ వయసులో వచ్చిన మనిషిని అరవై ఏళ్ళప్పుడు.