ఆట మూసుకుపోతే బోర్డు పోయినట్టు కాదు

కోనసీమ నుంచి భీమవరం దాకా వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "రాస్ప్‌బెర్రీ పై మీద పాత వీడియో గేములు ఆడుతుంటే తెర నల్లబడి, ఆట మూసుకుపోయి మళ్లీ మెనూ వస్తోందా? డిస్‌ప్లే చిప్ పోయినట్టే. మన డెల్టా తేమకి, ఉప్పుగాలికి ఏ బోర్డూ ఏడాది ఆగదు. కాన్ఫిగ్ ఫైల్లో జీపీయూ మెమరీ 512 చెయ్యండి, హెచ్‌డీఎమ్ఐ సేఫ్ పెట్టండి. అయినా తగ్గకపోతే కొత్త బోర్డు కొనండి."

రాస్ప్‌బెర్రీ పై అంటే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు, జీపీయూ అంటే అందులో బొమ్మలు గీసే భాగం. ఈ మెసేజ్ నమ్మి కొందరు బాగున్న బోర్డును పక్కన పడేసి వేలు పోసి కొత్తది కొంటున్నారు. అందులోనూ అదే మెమరీ కార్డు పెడతారు. అదే ఆట మళ్లీ అక్కడే మూసుకుపోతుంది. డబ్బు పోయింది, లోపం అలాగే ఉంది. అందుకే మెసేజ్‌లోని ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

మొదటిది, డిస్‌ప్లే చిప్ పోయిందన్న మాట. ఆట మూసుకుపోయాక మెనూ మళ్లీ కనిపిస్తోందని వాళ్లే రాశారు. ఆ మెనూని తెర మీద గీస్తున్నది కూడా అదే చిప్, టీవీకి పంపుతున్నది అదే కేబుల్. కాబట్టి అవి పనిచేస్తున్నట్టే. ఆగిపోయింది ఎమ్యులేటర్ ఒక్కటే, అంటే పాత గేమ్ మెషిన్‌లా నడిచి ఆటను ఆడించే ప్రోగ్రామ్.

అది ఎందుకు ఆగిందో ఊహించాల్సిన పని కూడా లేదు. ఆటల కోసం రెట్రోపై అనే సాఫ్ట్‌వేర్ వాడుతుంటే, ప్రతి ఆట మొదలైనప్పుడూ అది రన్‌కమాండ్ లాగ్ అనే ఫైలు రాస్తుంది. డెవ్ ఫోల్డరులోని ఎస్‌హెచ్‌ఎమ్‌లో (/dev/shm) ఉంటుంది. అది రామ్‌లో ఉండే ఫైలు, రీబూట్ చేస్తే పోతుంది, కాబట్టి ఆట మూసుకోగానే చూడాలి. తప్పు ఏమిటో చాలాసార్లు చివరి వరుసల్లోనే దొరుకుతుంది.

తరచుగా కనిపించే కారణం వీడియో డ్రైవర్, అంటే బొమ్మను తెరకి పంపే ప్రోగ్రామ్. రాస్ప్‌బెర్రీ పై 3 దాకా పాత ఇమేజ్‌లలో (మెమరీ కార్డులో రాసే సిస్టమ్ కాపీల్లో) డిస్ప్‌మనెక్స్ అనే పాత గ్రాఫిక్స్ పద్ధతి నడిచేది. 2019 జూన్‌లో వచ్చిన పై 4లో ఎమ్యులేటర్లు కేఎమ్ఎస్ అనే కొత్త పద్ధతి మీద నడుస్తాయి. పై 3 మీద వాడిన రెట్రోఆర్చ్ (చాలా ఎమ్యులేటర్లను నడిపే ప్రోగ్రామ్) సెట్టింగుల ఫైలును అలాగే పై 4 కార్డులోకి కాపీ చేస్తే, అందులో వీడియో డ్రైవర్ దగ్గర డిస్ప్‌మనెక్స్ అని ఉండిపోవచ్చు. అప్పుడు ఆట తెరుచుకోకుండానే మెనూకి వచ్చేయొచ్చు. రెట్రోఆర్చ్ తెరుచుకోకపోతే దాని మెనూలోంచి మార్చలేం. టెక్స్ట్ ఎడిటర్‌లో ఫైలు తెరిచి ఆ చోట జీఎల్ అని రాయాలి.

ఒక్క ఆటే మూసుకుపోతుంటే దారి వేరు. ఆట లోడ్ అవుతున్నప్పుడు ఏదో ఒక బటన్ నొక్కితే రన్‌కమాండ్ మెనూ వస్తుంది. ఆ ఆటకి ఎప్పుడో టీవీ చూపించలేని వీడియో మోడ్ ఎంచుకుని ఉంటే అక్కడే తీసెయ్యొచ్చు. నింటెండో 64 ఆటలైతే అక్కడే వేరే ఎమ్యులేటర్ ఎంచుకుని, రెండర్ రిజల్యూషన్ (బొమ్మను గీసే సైజు) తగ్గించి చూడండి. అవి రాస్ప్‌బెర్రీ పై బోర్డులకు బరువైన ఆటలు.

తేమ సంగతి. ఇందులో కొంత నిజం ఉంది, దాన్ని కాదనను. అంతర్వేది, నర్సాపురం వైపు ఇళ్లలో ఇనుము ఎలా తుప్పు పడుతుందో అందరికీ తెలుసు. హెచ్‌డీఎమ్ఐ సాకెట్ పిన్నులకూ ఆ దెబ్బ తగలొచ్చు. కానీ అప్పుడు బొమ్మ ఆగి ఆగి వస్తుంది, కేబుల్ కదిపితే తిరిగొస్తుంది. వెనక ఆట నడుస్తూనే ఉంటుంది. ఉప్పుగాలి మెనూని వదిలేసి ఆటను మాత్రమే మూయదు.

జీపీయూ మెమరీ 512 సలహా పై 4కి పనికిరాదు. దాని త్రీడీ విభాగం ఆ కేటాయింపులోంచి మెమరీ తీసుకోదు, బోర్డును నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ నుంచి అవసరమైనంత తీసుకుంటుంది. అక్కడ 512 రాస్తే మిగతా ప్రోగ్రాములకు అంత రామ్ తగ్గుతుంది, ఆటకి ఒరిగేదేమీ లేదు. పాత డ్రైవర్‌తో నడిచే పై 3లో ఆ సంఖ్యకు విలువ ఉంది కానీ, 1 జీబీ బోర్డులో సగం దానికే ఇవ్వడం తగదు. హెచ్‌డీఎమ్ఐ సేఫ్ కూడా పాత పద్ధతిదే. పూర్తి కేఎమ్ఎస్ డ్రైవర్ దాన్ని పట్టించుకోదు. పైగా 2023 అక్టోబరులో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ వెర్షన్ బుక్‌వర్మ్ నుంచి కాన్ఫిగ్ ఫైలు బూట్‌లోని ఫర్మ్‌వేర్ ఫోల్డరులోకి మారింది. పాత చోట రాసి ఎంత ఎదురుచూసినా ఫలితం ఉండదు.

ఆ మెసేజ్ అసలు ఎత్తనిది కరెంటు. ఆట మధ్యలో తెర నల్లబడి, ఇంద్రధనుస్సు రంగుల తెర వచ్చి, తర్వాత మెనూ వస్తే అది ఎమ్యులేటర్ మూసుకుపోవడం కాదు, బోర్డే రీబూట్ అయింది. ఈ తేడా గమనించండి. చెరువుల దగ్గర ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే మోటార్లు) తిరిగేటప్పుడు లైన్ వోల్టేజీ పడిపోతుందని దాన్ని తప్పుపడతారు. మంచి అడాప్టర్ 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుంది. అసలు నష్టం అడాప్టర్‌కీ బోర్డుకీ మధ్య ఉన్న సన్నటి కేబుల్‌లో. దాని నిరోధం పావు ఓమ్ ఉండి 2 ఆంపియర్లు లాగితే అర వోల్టు అక్కడే పోతుంది. 5 వోల్టులు 4.5 అవుతాయి. 4.63 దగ్గరే బోర్డు హెచ్చరిక మొదలుపెడుతుంది, తెర మూలన మెరుపు గుర్తు వస్తుంది. ఫోన్ చార్జర్ పక్కన పెట్టి, పై 4కి 3 ఆంపియర్ల అడాప్టర్, పై 3కి 2.5 ఆంపియర్లది వాడండి. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే క్షణంలో రీబూట్ అవుతుంటే, ఇన్వర్టర్‌ని యూపీఎస్ మోడ్‌లో పెట్టి చూడండి. అలా పదేపదే ఆగితే మెమరీ కార్డులో ఫైళ్లు చెడతాయి. ఆ తర్వాత ఆటలు మూసుకుపోతుంటే దోషం కార్డుది.

ఇక కొత్త బోర్డు. కొనేముందు వేరే మెమరీ కార్డులో, మీ బోర్డు మోడల్‌కి సరిపోయే ఇమేజ్ కొత్తగా రాయండి. పాత సెట్టింగులేవీ కాపీ చెయ్యొద్దు. సరైన అడాప్టర్ పెట్టి, పై 4 అయితే పవర్ సాకెట్‌కి దగ్గరున్న హెచ్‌డీఎమ్ఐలో కేబుల్ గుచ్చి, ఇంకో టీవీకి కలపండి. అప్పటికీ తెర మీద ఏమీ రాకపోతే అప్పుడు బోర్డును అనుమానించండి.