సవరణ: న్యూజెర్సీలో పొరుగువారికి పంపే నోటీసు గురించి

న్యూజెర్సీలో ఇల్లు పెంచుకోవడంపై ఇంతకుముందు రాసినదాంట్లో 'దరఖాస్తుకు ముందే టౌన్‌షిప్ (స్థానిక పురపాలక సంస్థ) వారు పొరుగువారికి లేఖలు పంపి అంగీకారం తీసుకుంటారు' అని ఉంది. ఆ వాక్యాన్ని కొట్టివేసి ఇలా చదువుకోగలరు.

వేరియన్స్ (నిర్మాణ నిబంధనల నుంచి మినహాయింపు) కోరేటప్పుడు పొరుగువారికి నోటీసు పంపాల్సింది దరఖాస్తుదారే. అదీ దరఖాస్తుకు ముందు కాదు, దాన్ని పరిశీలించే టౌన్‌షిప్ బోర్డు విచారణకు కనీసం 10 రోజుల ముందు. మీ స్థలానికి అన్ని వైపులా 200 అడుగుల లోపు ఉన్న యజమానులందరికీ పంపాలి. రోడ్డుకు అవతలివారూ ఈ లెక్కలోకి వస్తారు, అక్కడ పక్క ఊరి హద్దు మొదలైనా సరే. యజమానుల జాబితాను రుసుము కట్టి టౌన్‌షిప్ నుంచే తీసుకోండి. ఆ జాబితాలో లేని పేరు తప్పిపోతే మీ విచారణ చెల్లకుండా పోదు. సొంతంగా రాసుకున్న జాబితాకు ఆ రక్షణ లేదు. నేరుగా చేతికివ్వవచ్చు, లేదా సర్టిఫైడ్ మెయిల్‌లో (పంపినట్టు రసీదు ఇచ్చే తపాలా) పంపవచ్చు. మెయిల్‌లో వేసిన రోజే పంపినట్టు లెక్క కాబట్టి పోస్టాఫీసు ముద్ర ఉన్న రసీదులు పారేయకండి. బహిరంగ ప్రకటన వేరు, అదీ తప్పదు.

ఇక అంగీకారం మాట. పొరుగువారి సంతకం ఎవరూ అడగరు. వారికి విచారణకు వచ్చి మాట్లాడే హక్కు ఉంది. అయినా, ఉత్తరం చేరకముందే వెళ్లి నాలుగు మాటలు చెప్పి రావడం మంచిదనే నా అభిప్రాయం.

ఇదంతా వేరియన్స్ వంటి విచారణలకే. నిబంధనలకు లోబడిన మామూలు డెక్‌కు (ఇంటికి ఆనుకుని కట్టే చెక్క అరుగు) పర్మిట్ చాలు.